కొల్లేటి గట్టున కామంచి

నన్ను కామవరపుకోట మెట్ట నుంచి తెచ్చి కొల్లేటి ఒడ్డున దింపారు. పంతొమ్మిది వందల ముప్ఫైల్లో, ధాన్యానికి ధర లేని రోజులవి. ఏలూరు దాకా ఎడ్లబండి, అక్కణ్ణుంచి పడవ. పెళ్ళయిన కొత్తలోనే మా ఆయన తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు పనికి కుదిరారు. ఎప్పుడో ఒకసారి వచ్చి పోయేవారు. ఇంట్లో నేనూ మా అత్తగారూ మిగిలాం. ఆవిడ మాటలు బహు పొదుపు. "వండావా, తిన్నావా, తలుపేశావా" వీటితోనే పొద్దు వెళ్ళిపోయేది. చుట్టూ నీళ్ళు, తుంగ, పిట్టల గోల. ఆ పిట్టలకైనా గోల చెయ్యడానికి తోడుంది, నాకది కూడా లేదు.

తల్లి లేని నన్ను పెంచింది అమ్మమ్మ. మెట్ట చేలల్లో ఆవిడ వెనకాల తిరిగి మొక్కల్ని గుర్తుపట్టడం నేర్చుకున్నాను. ఉమ్మెత్తకు బాకాలాంటి పువ్వు, ముళ్ళ కాయ. దాని జోలికే పోవద్దు. వాకుడు నేల మీద పాకుతుంది, ఆకులకు కూడా ముళ్ళే. పసుపుపచ్చటి పండు చూసి మోసపోకూడదు. బుడ్డకాయకు పల్చటి తొడుగుంటుంది, నుదుటి మీద కొట్టుకుంటే టప్పుమంటుంది. ఇక కామంచి. బుల్లి తెల్లపూలు, మధ్యలో పసుపు, ఒకే కాడకు గుత్తిగా మిరియాలంత కాయలు. "పచ్చికాయ విషమే. నల్లగా నిగనిగలాడుతూ, ముట్టుకుంటే చేతిలోకి రాలాలి. అప్పుడే నోట్లో పెట్టు" అనేది. ఇవన్నీ వంగకు చుట్టాలేనట. "చుట్టాలన్నాక మంచీ చెడ్డా ఉండవూ మరి!" అని నవ్వేది.

ఆ చలికాలం గేదెను కట్టడానికి గట్టు మీదికి వెళితే తుమ్మ మొదట్లో కామంచి కనబడింది. పుట్టింటివాళ్ళు ఎదురొచ్చినట్టయి అక్కడే కూలబడ్డాను. పువ్వు చూశాను, గుత్తి చూశాను, ఆకు వాసన చూశాను. అదే. ఇక ఆగలేక గుప్పిళ్ళతో తిన్నాను.

నల్లబడ్డ పెదవులతో ఇంటికొచ్చాను. మా అత్తగారికి నారుమడిలో ఊదగడ్డేదో వరేదో కళ్ళు మూసుకుని తడిమినా తెలుస్తుంది. గట్టున కాసే నల్లపండు మాత్రం ఆ ఊరివాళ్ళందరికీ ఒక్కటే: బతుకు మీద విరక్తి పుట్టిన ఆడది మింగే మందు.

"ఏం తిన్నావే?" అంది.

"కామంచండీ, అత్తయ్యగారూ."

ఆ పేరే ఎరగదావిడ. రెక్క పట్టుకుని పెరట్లోకి ఈడ్చుకెళ్ళి, అరటి మొదట్లో కూలేసి, కుంకుడు రసం నోట్లో పోసింది. పేగులు బయటపడేలా కక్కాను. వీపు రాస్తూ ఆవిడ గొల్లుమంది. "నీకేం తక్కువ చేశానే తల్లీ! వాడొచ్చి అడిగితే ఏం చెప్పనే!"

"చావడానికి కాదండీ. మా ఊళ్ళో అందరూ తింటారండీ."

"చచ్చేవాళ్ళంతా అలాగే అంటారు."

ఎంత చెప్పినా నమ్మలేదు. నేను చావాలనుకోలేదు, ఒట్టు. కానీ ఆవిడ అన్న తర్వాత ఆలోచిస్తే, చావాలనుకోవడానికి నాకు కారణాలు లేకపోలేదని తెలిసి భయమేసింది.

మర్నాడే మనిషిని పెట్టి గట్టు మీద కామంచి అంతా పీకించింది. అప్పట్నుంచి నీళ్ళకు వెళ్ళినా నా వెనకాలే వచ్చేది. ఊళ్ళో "మందు తిన్న కోడలు" అని పేరొచ్చింది. నాకు ఒళ్ళు మండేది. కాపలాకు మనిషి ఉంది, మాటకు లేదు. ఆ వేసవిలో అమ్మమ్మ పోయింది. నాకు కబురందేసరికి అన్నీ అయిపోయాయి. కామంచి అంటే అర్థమయ్యే మనిషి ఇక నాకెవరూ లేరు.

వానలు పడ్డాక అరటి మొదట్లో నాలుగు మొక్కలు లేచాయి. వంగనారేమోనని అత్తగారు మురిసిపోయి మట్టి ఎగదోసింది. నాకు చూడగానే తెలిసింది. మళ్ళీ కుంకుళ్ళెందుకులే అని నోరు మూసుకున్నాను. పూలు పూసి, గుత్తులు నల్లబడ్డాక ఆవిడకూ తెలిసింది. సరిగ్గా నేను కక్కిన చోటే.

పీకేస్తుందనుకున్నాను. వంగి ఒక గుత్తి ఎత్తి చూసింది.

"ఆవేళ నువ్వన్నది ఇదేనా?"

"అవునండీ."

"ఏది తినాలో చూపించు."

బాగా నల్లబడ్డ పండు చూపించాను. నేను కోసేలోపే తుంచి నోట్లో వేసుకుంది. ఎన్నోసార్లు తిన్నదాన్నే అయినా రెప్పవెయ్యకుండా ఆవిణ్ణే చూశాను. ఆవిడ నమిలి, మింగి, "తియ్యగానే ఏడిచింది" అంది. నావైపు తిరిగింది.

"మీ అమ్మమ్మ నీకు ఇంకేం తినిపించేదే?"

ఆ ఇంట్లో అడుగుపెట్టాక మావాళ్ళ గురించి ఒకరు అడగడం అదే మొదలు. చెప్పడానికి ఎన్ని దాచుకున్నానో! తీరా నోరు తెరిస్తే ఏడుపు ముంచుకొచ్చింది. ఆవిడ కొంగుతో నా మొహం తుడిచింది.

"ఊరుకో. మళ్ళీ నాచేత కుంకుళ్ళు కొట్టించకు" అంది.