లింగవ్వ అడిగిన రాణీగ

“నల్లదాన్నే తెప్పిస్త. తేనె మస్తుగొస్తది. నీకేం ఎరుక?”

“రేపు మీ అవ్వ మొకం వాస్తే నువ్వు చూస్తవా? పచ్చదే కావాలె.”

బాన్సువాడలో మా పక్కింటి పండరన్న, ఆయన భార్య లింగవ్వ కొట్లాడుకుంటున్నారు. వాళ్ల పెట్టెలో తేనెటీగల రాణి చచ్చిపోయింది. మగ ఈగలతో జతకట్టి గుడ్లు పెడుతున్న కొత్త రాణిని తేకపోతే పెట్టె ఖాళీ అయిపోతుంది. దెగ్లూర్లో ఒకాయన అలాంటివి అమ్ముతాడు. కొండజాతి నల్లది తేనె బాగా ఇస్తుంది కాని కోపిష్టి. పచ్చది నెమ్మది, తేనె తక్కువ. ఎక్కడో జరుగుతున్న యుద్ధం మూలంగా ఇక్కడ చక్కెర దొరకడం లేదు, తేనెకు గిరాకీ ఉంది. పండరన్న ఆశ అది. వెళ్లాల్సింది నేను. కాలేజీ మానేసి తిరిగేవాడికి వేరే పనేముంది.

పండరన్న తల్లికి కళ్లు కనపడవు. రోజూ ఎండపొడకు ఆ పెట్టె పక్కనే కూర్చుని ఈగల రొద వింటుంది. ఆమెను అక్కడినుంచి లేపడానికి లింగవ్వ ఒప్పుకోదు. అత్తను ఇట్లా చూసుకునే కోడలు మా ఇంట్లో కూడా లేదు.

“సరే తియ్యి. నీ అత్త, నీ ఈగలు,” అని పండరన్న నాగలి ఎత్తుకుని పొలానికి పోయాడు.

లింగవ్వ నన్ను వాకిలి దాకా సాగనంపింది.

“తమ్మీ, రంగు చూసి మోసపోకు. తల్లిని చూసి పిల్లను తెచ్చుకోవాలె. దాని తల్లి ఉన్న పెట్టెకాడ అంగి ఇప్పి జరసేపు కూసో. నిన్ను కుట్టకుంటేనే బిడ్డను తే.”