నాలా పక్కన మా ఇంటి గోడ

పాత ఇల్లు కూలగొట్టే ముందు మేస్త్రీ దగ్గర నేను ఒకే ఒక్క మాట తీసుకున్నాను. ఆ ఇంటి మట్టిపెళ్ల కూడా ట్రాక్టర్ ఎక్కి గేటు దాటకూడదని.

మేస్త్రీ పరాయివాడేం కాదు. బడిలో నా పక్కన కూర్చున్నవాడే. నా భార్య అతనికి ఏటా రాఖీ కడుతుంది కాబట్టి నన్ను బావా అంటాడు. తన కొడుకు పెళ్లిలో నన్ను రెండో బంతిలో కూర్చోబెట్టాడు. అప్పటికి బగారా అన్నం చల్లారిపోయింది. అది నేను మరిచిపోలేదు. అయినా పని అతనికే ఇచ్చాను, మాట మీద నిలబడేవాడనుకొని.

"నీ ఇంట్ల పుట్టిన దుమ్ము నీ ఇంట్లనే ఉంటది బావా. ఇగ చాలునా?" అన్నాడు. చాలన్నాను.

ఆ ఇల్లు మా బాపు కట్టింది. బాపు బస్సు డిపోలో మెకానిక్. టేక్మాల్ వైపు నుంచి బండ్ల మీద రాయి తెప్పించి, సెలవు దొరికినప్పుడల్లా తనే మట్టి తొక్కి, అమ్మ రాయి అందిస్తుంటే గోడలు లేపాడు. కిటికీల దాకా రాయి, ఆ పైన ఇటుక. డిపోలో అడుగున కాస్త రంగు మిగిలిన డబ్బా ఒకటి ఫోర్‌మన్ ఇస్తే, ముందరి గదిలో గోడ చుట్టూ నడుమెత్తున పట్టీ వేశాడు. అచ్చం బస్సు ఎరుపు. మా వాడలో అలాంటి గోడ ఇంకొకటి లేదు. చిన్నప్పుడు పిల్లలు మా ఇంటికి వచ్చి రైట్ రైట్ అని అరిచేవాళ్లు.

ఇల్లు పాతబడింది, ఒక మూల కుంగింది, కూలగొట్టక తప్పలేదు. కానీ మా ఊరి పద్ధతి నాకు మొదటి నుంచీ నచ్చదు. జేసీబీతో ఇల్లు పడగొట్టిస్తారు. ఆ మట్టీ రాయీ ఊరిబయట నాలాలో పోయిస్తారు. తర్వాత ఎక్కడో గుట్టను తవ్వించి, ఆ మొరం కొనుక్కొచ్చి బేస్మెంట్ నింపుకుంటారు. ఇంటిని నాలాలో పోసి గుట్టను ఇంట్లో పోసుకోవడం ఏం తెలివో నాకు అర్థం కాదు. దీని గురించి మున్సిపాలిటీకి ఎన్నిసార్లు రాశానో వాళ్లకూ తెలుసు, నాకూ తెలుసు.

నా లెక్క వేరు. గోడల రాయి మళ్లీ పునాదికి పోవాలి. నిలిచిన ఇటుక ప్రహరీకి. పగిలిన ఇటుకను చిన్న ముక్కలుగా కొట్టించి గచ్చు కింద పరవాలి. పాత మట్టి, సున్నపు పెచ్చులు జల్లెడ పట్టి బేస్మెంట్‌లో పోసి, నీళ్లు పెట్టి దిమ్మిస కొట్టాలి. ఖర్చు కోసం కాదు. బాపు కట్టినదాని మీదనే నా ఇల్లు లేవాలి. నేను కోరుకున్నది అంతే.

గోడలు పడ్డ రోజు నేను అక్కడే ఉన్నాను. రాయి ఒక కుప్ప, ఇటుక ఒక కుప్ప, మట్టి ఒక కుప్ప వేయించాను. ఎర్రపట్టీ ఉన్న పెళ్లలను నేనే ఏరి విడిగా పెట్టాను. ఆ తర్వాత నా కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. దుమ్ములోకి అడుగు పెట్టొద్దని దవాఖానలో గట్టిగా చెప్పారు. నల్లద్దాలు పెట్టుకొని కిరాయి ఇంట్లో కూర్చున్నాను. నా బదులు నా భార్య రోజూ సైట్‌కు పోయి, కూలీలకు చాయ్ ఇచ్చి, వచ్చి నాకు సంగతులు చెప్పేది.

"మామ కట్టిన రాళ్లన్నీ పునాదిలకే పోయినయి" అంది ఒక రోజు.

"ఎర్రపట్టీ పెళ్లలు?"

"అవి మనం పండుకునే అర్ర కింద ఏసిండ్రు."

ఆ మాట వినగానే నాకు కంటి మంట కూడా తగ్గినట్టనిపించింది. దాన్ని ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

కన్ను మానాక సైట్‌కు పోయాను. బేస్మెంట్ నిండి, చదునై, నీళ్లు తాగి గట్టిపడి ఉంది. పైన పలుచగా ఎర్రమట్టి. ఇది ఎక్కడిదంటే, పైపైన చదును కోసమని మేస్త్రీ చెప్పాడు. నమ్మాను. ఆ రోజు నుంచి నేను ఎంతమందికి చెప్పానో. చాయ్ హోటల్‌లో చెప్పాను, కూరగాయల బండి దగ్గర చెప్పాను, పక్కింటివాళ్లను పిలిచి కాళ్ల కింద బాపు గోడలున్నాయని చూపించాను. అందరూ తల ఊపారు. నర్సాపూర్‌లో ఇల్లు కడుతున్న మా మేనల్లుడికి ఫోన్‌లో గంటసేపు బోధించాను. వాడు నా మాట విని తన పాత గోడలను తన కొత్త ఇంటి కిందనే వేసుకున్నాడు.

స్లాబ్ పడ్డాక సాయంత్రాలు మళ్లీ నడకకు పోవడం మొదలుపెట్టాను. ఊరిబయట నాలా పక్కన ఎవరో ఇంటి మట్టి పోసి సగం నీళ్లు ఆపేశారు. దూరం నుంచి చూసే నాకు ఒళ్లు మండింది. మరుసటి రోజే మున్సిపాలిటీకి పోయి కూర్చున్నాను. పని అయ్యేదాకా లేవనని వాళ్లకు తెలుసు కాబట్టి సఫాయి పనులు చూసే జవానును నా వెంట పంపారు. అతను బండి మీద నన్ను ఎక్కించుకొని నాలా దగ్గరికి తీసుకుపోయాడు.

"ఎవలు పోసిండ్రో జర చెప్పుండ్రి సార్, నోటీస్ ఇస్త" అన్నాడు.

నేను కర్రతో కుప్పను చూపిస్తూ, ఇలాంటివాళ్లకు ఇల్లు కట్టుకునే అర్హత లేదని ఏదో అంటున్నాను. కర్ర కొన తగిలి ఒక పెళ్ల దొర్లింది. తిరగబడ్డ వైపు ఎరుపు ఉంది. బస్సు ఎరుపు.

ఇంకొకటి తిప్పాను. దాని మీదా ఉంది. నేను ఏరి పెట్టినవన్నీ ఒకే చోట ఉన్నాయి. దించినవాళ్లు కనీసం వాటిని చెదరగొట్టలేదు కూడా.

జవాను మళ్లీ అడిగాడు. "రాసుకో. ఇది నా ఇల్లే" అన్నాను.

అతను నా ముఖం చూశాడు. "గదేంది సార్. మీ మీద మీరే కంప్లైంటా?"

ఔనన్నాను. వాపసు తీసుకోనని కూడా చెప్పాను. ఎవరిదైతే ఏమిటి, నాలాలో పోసింది పోసిందే. మొత్తం ఎత్తి తీసుకుపోవాలని నోటీసు నా పేరు మీదనే వచ్చింది.

ఆ రోజు నాలా దగ్గర నుంచి ఒక ఎర్రపట్టీ పెళ్ల పట్టుకొని నేరుగా సైట్‌కు పోయాను. మేస్త్రీ కిటికీ చౌకట్టుకు తూకం చూస్తున్నాడు. నా భార్య చాయ్ కెటిల్‌తో నిలబడి ఉంది. చేతిలో ఉన్న పెళ్లను వాళ్ల మధ్య పెట్టాను. ఇద్దరిలో ఒక్కరూ ఇది ఎక్కడిదని అడగలేదు. కూలీలు కూడా పని ఆపి నేల చూపులు చూశారు. అప్పుడు అర్థమైంది, చాయ్ హోటల్‌లో తల ఊపిన వాళ్లందరికీ కూడా తెలుసని. నా కాళ్ల కింద ఏముందో తెలిసే నా ఉపన్యాసం విన్నారు.

"మాటిచ్చినవు గదా" అన్నాను మేస్త్రీతో.

"ఇచ్చిన బావా. రాఖీ కట్టిన చెల్లె ఏడ్సుకుంట అడిగితే కాదనలేకపోయిన." తూకం దారం చేతికి చుట్టుకుంటూ అన్నాడు.

అచ్చిరాని ఇంటి రాయి కొత్త పునాదిలో పెట్టకూడదని మా వాడలో ఒక నమ్మకం ఉంది. పెడితే ఆ ఇంటి కీడు ఈ ఇంటికి వస్తుందట. ఎవరో ముసలమ్మ అది నా భార్యకు ఎక్కించింది. అచ్చిరాని ఇల్లు! మా అక్కచెల్లెళ్ల పెళ్లిళ్లు ఆ ఇంట్లోంచే అయ్యాయి. నాకు ఉద్యోగం ఆ ఇంట్లో ఉండగానే వచ్చింది. మా బాపు కష్టానికి అంతమాట అంటారా అని అరిచాను.

నా భార్య అరవలేదు. కెటిల్ కింద పెట్టింది.

"ఆ ఇంట్ల నా కడుపు రెండుసార్లు పోయింది. అత్తమ్మ మంచంల పడ్డన్నేండ్లు ఆ గోడల నడుమ ఎట్ల చేసిన్నో నాకెరుక. ఆ గోడలే మళ్ల మంచం కింద పెడ్తె నేనెట్ల పండుకోవాలె?"

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే మీరు వింటుంటిరా?"

వినేవాడినో కాదో చూడాల్సింది చెప్పిన తర్వాత. చెప్పకముందే తీర్పు ఇచ్చేశారు. కొట్లాడేవాడిని, నిజమే. అన్నం మానేసేవాడినేమో. కానీ ఆమె దిగులు ఆమె నోటితో వినే హక్కు నాకుంది. అది రాఖీ కట్టించుకున్నవాడికి దక్కింది, చాయ్ తాగే కూలీలకు దక్కింది. నల్లద్దాలు పెట్టుకొని ఇంట్లో కూర్చున్న మొగుడికి మాత్రం అర్ర కింద వేశారని అబద్ధం దక్కింది. రోజూ ఒక అబద్ధం, చాయ్ ఇచ్చినంత సులువుగా.

నోటీసు ఉంది కాబట్టి కుప్ప వెనక్కి రాక తప్పలేదు. మేస్త్రీ తన ట్రాక్టర్ మీదనే తెచ్చి దించాడు. ఇంటి కింద వద్దని ఆమె, ఇంటి బయటికి పోవద్దని నేను. ఎవరూ ఎవరితో మాట్లాడకుండానే ఆ కుప్ప గేటుకూ మెట్లకూ మధ్య వాకిట్లో ఆగిపోయింది. సరే, అక్కడే కానీ అనుకున్నాను. పీట వేసుకొని కూర్చొని ఇటుక పెళ్లలను నేనే సుత్తితో కొట్టాను. వాటిని కింద పరిపించి, పైన రాయి పేర్పించాను. ఎర్రపట్టీ పెళ్లలను మాత్రం పగలగొట్టకుండా మెట్ల ముందు వరుసలో పెట్టించాను. సందులు పూడ్పించాను. ఇంట్లోకి పోవాలంటే ఎవరైనా బాపు గోడల మీదుగా పోవాల్సిందే.

గృహప్రవేశం రోజు నా భార్య నిండు బిందెతో గేటు దగ్గర నిలబడింది. అయ్యగారు రమ్మంటున్నారు. నేను మెట్ల మీద ఉన్నాను, ఆమె ఏం చేస్తుందో చూద్దామని. ఆమె ప్రహరీ వెంబడి నడిచి వచ్చింది. అక్కడ అడుగు వెడల్పున రాయి లేదు, ఒట్టి మొరం ఉంది. గేటు నుంచి మెట్ల దాకా, ఒక మనిషి మాత్రమే నడిచేటంత. పూలమొక్కలకు వదిలాడేమో అనుకున్నాను అన్నాళ్లూ. ఆ వైపు వరుసలు పరిచేటప్పుడు నన్ను బజారుకు పంపి మేస్త్రీ ఏం చేశాడో అప్పుడు తెలిసింది. మళ్లీ నాకు చెప్పలేదు. మళ్లీ వాళ్లిద్దరే.

మొన్న రాఖీకి అతను వచ్చాడు. వాకిలి నడుమ నుంచే నడిచి, మడిమతో ఒక రాయిని తట్టి, "మస్తు గట్టిగ కూసుంది బావా" అన్నాడు. అతనికి చాయ్ ఆమెనే ఇమ్మన్నాను.

ఆ మొరం దారి మూయడానికి పెద్ద పనేం లేదు. తట్టెడు ఇటుక ముక్కలు, రెండు వరసల రాయి చాలు. తట్ట నింపి గేటు పక్కన పెట్టుకున్నాను కూడా. తెల్లవారి పాల కోసం ఆమె ఆ సన్నటి దారిన ఒక చేత్తో గోడ పట్టుకొని పోతుంటే మెట్ల మీద కూర్చొని చూస్తుంటాను. ఆమె తట్టను దాటుకొని పోతుంది. అదెందుకు పెట్టానని ఇప్పటిదాకా అడగలేదు. అడిగితే చెబుదామనే నేనూ కూర్చున్నాను.