దొడ్డి నిన్ను మరిచిపోయేదాకా

ఇట్లా దగ్గరికి జరగండి. చాప మీద ఇంకా చోటుంది, గోడకు ఆనుకుంటే నడుముకు సుఖం. నేను చెప్పబోయేది ఒక ముసలామె సంగతి. మీరెవరూ ఆమెను చూసి ఉండరు, చూపిద్దామంటే ఫోటో కూడా లేదు. ఈ పొద్దున విత్తనానికని ఎండు చిక్కుడుకాయలు వలుస్తూ దొడ్లో కూర్చున్నాను. ఎండిన గింజ చేటలో పడితే టక్కుమంటుంది. నాలుగు గింజలు పడ్డాయో లేదో, ఇంటి రేకుల మీద దడదడమని కోతుల గుంపు దిగింది. పక్కింటివాళ్ళు తలుపులు వేసుకుని డబ్బా కొట్టడం మొదలుపెట్టారు. పురిటికి వచ్చిన నా కూతురు భారతి, నిండు నెలల కడుపుతో, కట్టె పట్టుకుని దొడ్లోకి వచ్చింది. నా చెయ్యి మాత్రం ఆగలేదు, వలుస్తూనే ఉంది. ఆ చేతికి ఆ పని నేర్పింది ఓబులమ్మవ్వ.

నేను పుట్టింది మార్కాపురంలో. మా నాయనది పలకల పని. పిల్లలు బళ్ళో రాసుకునే పలకలకు చట్రాలు బిగించడంలోనే నా చిన్నతనం గడిచింది. వాటి మీద రాసుకునే యోగం మాత్రం రెండో తరగతితోనే ఆగిపోయింది. ఆ పనిలో చెయ్యి చురుకుగా ఉండాలి. అట్లా నా చేతులు తొందర చేతులయ్యాయి. గిద్దలూరు చివర, కొండ కనబడే చోట ఉన్న ఇంటికి కోడలిగా వచ్చాను. మా ఆయన ఆటో తోలేవాడు. మా ఇంటికీ, పక్కన ఓబులమ్మవ్వ ఇంటికీ కలిపి వెనక ఒకటే దొడ్డి, చుట్టూ రాళ్ళ గోడ. అవ్వ నలభై ఏళ్ళు నల్లమల అంచున మేకలు కాసింది. మోకాళ్ళు మొరాయించాక మేకలు అమ్మేసి ఆ దొడ్డినే మేపుతున్నట్టుండేది.

మృగశిర కార్తెలో మొదటి వాన పడిన మర్నాడు నేను గునపం పట్టుకుని హడావిడిగా దొడ్లోకి వచ్చాను. అవ్వ బట్టలుతికే బండ మీద కూర్చుని ఉంది. నన్నూ కూర్చోమంది. పని ఉందంటే, పని యాడికీ పోదులే అంది.

"దొడ్డి నిన్ను మరిచిపోయేదాకా కూర్చో. ఆ తర్వాత లేచి పని చేసుకో."

ఈ ముసలామెకు చాదస్తం అనుకుంటూనే కూర్చున్నాను. కాసేపటికి ఒక తొండ గోడ మీద తల ఆడించింది. ఉడత ఒకటి నా కాలి పక్కగా పోయి కింద పడిన వేపపండు ఎత్తుకుంది. దానిమ్మ పువ్వులో తేనెపిట్ట మూతి పెట్టింది. ఆ తర్వాత రాళ్ళ సందులోంచి ముంగిస తన రెండు పిల్లలతో బయటికి వచ్చి, మేమిద్దరం అక్కడ లేనట్టే దొడ్డికి అడ్డంగా నడిచి వెళ్ళింది. నేను సంతోషం పట్టలేక చెయ్యి చూపించాను. అంతే, అన్నీ మాయం.

"నీ చేతులకు కండ్లు లేవే సుబ్బులూ" అంది అవ్వ. "అవి ఆగితే గదా కండ్లకు ఏమన్నా కనపడేది."

ఆ ఏడాది అట్లా గడిచింది. ఆరుద్రలో చిక్కుడు గింజ పెట్టాం. వంకాయ చెట్టు ఆకులను కలిపి కుట్టి ఒక బుల్లి పిట్ట గూడు కట్టుకుంటే, పిల్లలు ఎగిరిపోయేదాకా అవ్వ ఆ చెట్టు కాయలు కోయనివ్వలేదు. కాయలు ముదిరి పసుపు పచ్చగా అయిపోయాయి. పిట్టకు బాడుగ కూడా మనమే ఇస్తున్నామా అవ్వా అని నేను దెప్పితే, ఈ ఇల్లు అదే కుట్టుకున్నది, నువ్వు ఒక రైకన్నా కుట్టినావా అని తిరిగి అంటించింది. పిట్టలు ఒక్కసారిగా నోళ్ళు మూశాయంటే ఏదో వచ్చిందని అర్థం చేసుకోవడం కూడా ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

రెండో ఏడు భారతి కడుపున పడింది, పుట్టింది. దానికి ఐదో నెల నడుస్తుండగా కొండ మీద వంకలు శివరాత్రికి ముందే ఎండిపోయాయి. కోతులు ఎప్పుడూ ఎండలు ముదిరాక దిగేవి, ఆ ఏడు ముందే దిగాయి. నేను పెంచిన చిక్కుడు పందిరిని ఒక్క పూటలో సగానికి పీకి పోగులు పెట్టాయి. నాకు ఏడుపొచ్చింది. మా ఆయన బజారు నుంచి నీలం రంగు నైలాన్ వల తెచ్చాడు. అవ్వ దాన్ని వేళ్ళతో సాగదీసి చూసింది.

"ఏస్తే డప్పు తోలు మాదిరి బిగించి ఏయి. లేదంటే ఏయనే ఏయబాక. వదులుగా ఏలాడే వల మెడలు పట్టుకుంటాది."

తల ఊపాను. బిగించాలంటే నాలుగు గుంజలు పాతాలి, ఒక పూట పని. లోపల పాప ఏడుస్తోంది. వలను పందిరి మీద విసిరి, రెండు మూలలు కట్టి, లోపలికి పోయాను. తొందర చేతులు.

మూడో రోజు తెల్లవారగానే దొడ్లోకి వస్తే ఒక్క పిట్ట కూడా కూయడం లేదు. పందిరి కింద వలలో కోతిపిల్ల వేలాడుతోంది. అప్పటికే బిగుసుకుపోయింది. తల్లి పక్కనే కూర్చుని రెండు చేతులతో దాన్ని తన వైపు లాక్కుంటోంది. లాగిన కొద్దీ వల ఇంకా బిగుస్తోంది. నేను కట్టెతో తల్లిని అదిలించి, కొడవలితో వల కోశాను. పిల్ల కింద పడింది. తల్లి వచ్చి దాన్ని రొమ్ముకు కరుచుకుని గోడ ఎక్కింది. వలంతా చుట్ట చుట్టి కట్టెల మోపు కింద దాచాను. మధ్యాహ్నం అవ్వ వల ఏమైందని అడిగితే, గాలికి చినిగింది, తీసేశానని చెప్పాను. అవ్వ పందిరి దాకా పోయి చూసి వచ్చింది.

ఆ తల్లి రోజూ వచ్చింది. చచ్చిన పిల్లను చంకలో పెట్టుకుని గోడ మీద కూర్చుని పందిరిని చూసేది, నన్ను చూసేది. దానికి తెలుసు అనిపించేది. నాలుగో రోజు పగలు, రేకుల వేడికి పాప లోపల పడుకోక, దొడ్లో వేపకొమ్మకు చీర ఉయ్యాల కట్టి పడుకోబెట్టాను. ఉయ్యాలకు బారెడు దూరంలో అవ్వ చేట పెట్టుకుని ఎండు చిక్కుడుకాయలు వలుస్తోంది. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. పిట్టల చప్పుడు ఆగిపోయింది. గడప దగ్గరికి వచ్చి చూస్తే, ఆ తల్లికోతి ఉయ్యాల పక్కన బండ మీద ఉంది. ఒక చంకలో ఎండిపోతున్న పిల్ల. రెండో చెయ్యి ఉయ్యాల చీర అంచు మీద. గోడ మీద వరసగా గుంపు, మధ్యలో పెద్ద మగకోతి.

నేను రోకలి అందుకున్నాను. అవ్వ తల తిప్పలేదు. పెదవులు కూడా సరిగా కదల్లేదు.

"రాబాక. అరవబాక. ఉన్నచోటనే కూర్చో."

నా బిడ్డ అక్కడ ఉంటే ఎట్లా కూర్చోను? కానీ ఆ గొంతులో ఏముందో, రోకలి కింద పెట్టేశాను. గడప మీద కూర్చున్నాను. అవ్వ చెయ్యి ఆగలేదు. కాయ విరిచినప్పుడు చిటుక్కు, గింజ పడినప్పుడు టక్కు. కోతి చెయ్యి ఉయ్యాలలోకి పోయింది. నా బిడ్డ తల మీద జుట్టు పాయలు తీసి చూస్తోంది, పేలు చూసినట్టు. టక్కు. పాప లేచింది. దాని చిన్న చెయ్యి పైకి వచ్చి కోతి వేలు పట్టుకుంది. మగకోతి గోడ దిగి రెండడుగులు వేసింది. నేను చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. టక్కు, టక్కు. ఆ చప్పుడు ఒక్కటే దొడ్లో ఏమీ జరగడం లేదని అందరికీ చెబుతోంది, కోతులకూ, నాకూ. పాప ఏడ్చి ఉంటే ఏమయ్యేదో నేను ఈనాటికీ ఆలోచించను. అది ఏడవలేదు.

ఎంతసేపో తెలియదు. తల్లికోతి వేలు విడిపించుకుంది. చంకలో ఉన్నదాన్ని చూసుకుంది, ఉయ్యాలను చూసింది. పిల్లను బండ మీద పడుకోబెట్టింది. గోడ ఎక్కి, రెండు సార్లు వెనక్కి చూసి, వెళ్ళిపోయింది. గుంపు దాని వెనకే పోయింది. అప్పుడు అవ్వ చెయ్యి ఆగింది.

నేను పాపను ఎత్తుకుని ఏడుస్తుంటే, అవ్వ బండ దగ్గరికి పోయి వంగింది. ఆ పిల్ల మెడలో నీలం దారం ముక్క ఇరుక్కుని ఉంది. అవ్వ దాన్ని వేలితో తాకి నా వైపు చూసింది.

"పాపను నాకియ్యి. గుంత నువ్వే తీయి."

మా వైపు కోతి చస్తే పదిమందిని పిలిచి, కొబ్బరికాయ కొట్టి మట్టి చేస్తారు. అవ్వ ఎవరినీ పిలవలేదు. ఉయ్యాల చీర కొంగు చింపి ఇమ్మంది, దాంట్లో చుట్టి పసుపు చల్లింది. గుంతలోకి దించాక నా నోరు తెరుచుకుంది.

"అవ్వా, ఆ వల గాలికి చినగలేదు..."

"తెలుసు. మన్ను ఏయి."

మిగిలిన పొద్దంతా ఇద్దరం కూర్చుని, దాచిన ఆ వలను కోశాం. అల్లికలో ఒక్క కన్ను కూడా మిగలకూడదు అంది. కొడవలితో ఒక్కో కన్నూ కోస్తుంటే నా తొందర చేతులు మొదటిసారి నిదానించాయి. ఆ తర్వాత అవ్వ ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. ఆరుద్ర రాగానే ఆ రోజు చేటలో పడిన గింజల్ని పిడికెడు తెచ్చి నా దోసిట్లో పోసింది, అంతే. ఆమె పోయి పదిహేనేళ్ళు దాటింది. ఆ గింజల గింజలే ఈ పొద్దున నా చేటలో ఉన్నవి. పందిరికి వల మళ్ళీ వేయలేదు. కోతులు తిన్న ఏడు తిన్నాయి, మిగిలిన ఏడు మేము తిన్నాం.

ఈ పొద్దున కట్టె పట్టుకుని నిలబడిన భారతితో, కట్టె కింద పెట్టి కూర్చోమన్నాను.

"కూర్చుంటే మళ్ళా లేయలేనమ్మా" అంది కడుపు పట్టుకుని.

"నేను లేపుతాలే. కూర్చో."

గోడకు ఆనుకుని మెల్లగా కూర్చుంది. పిల్లను పొట్టకు కరుచుకున్న ఒక తల్లికోతి రేకుల మీద నుంచి దిగి, మా ముందు నుంచే పోయి, పందిట్లో నాలుగు కాయలు తెంపుకుంది. ఎంతసేపు ఇట్లా అని భారతి గుసగుసగా అడిగింది. అవ్వ మాటే చెప్పాను. టక్కు, టక్కు. నా కూతురి చెయ్యి నిదానంగా చేటలోకి వచ్చి ఒక కాయ అందుకుంది.

విన్నారు కదా, చల్లగా పోయి రండి. మీ ఇంటి ఉయ్యాలలో బిడ్డ నిదరపోతూ ఉండాలి, మీ పందిరి కాస్తూ ఉండాలి. మీ దొడ్లో పిట్టలు మీరున్న సంగతే మరిచిపోయి తిరుగుతూ ఉండాలి.