మా ఆయన పూర్తి చేయని జర్మన్ బండి

ఇక లేజర్ వల్ల గాని, కంట్లో వేసే సూదుల వల్ల గాని ప్రయోజనం లేదని నెల్లూరు డాక్టరు చెప్పిన వారంలోనే ఆ పార్శిల్ వచ్చింది. మా ఆయన దాన్ని ఎన్నో నెలల ముందే చెన్నైలో ఒకాయనతో మాట్లాడి పెట్టుకున్నారు. ముక్కలుగా వస్తే మనమే అతికించుకునే బొమ్మబండి కిట్ అది. తయారుచేసే కంపెనీ దాన్ని ఎప్పుడో ఆపేసిందట, ఇప్పుడు దొరకడమే కష్టమట. సంతకం పెట్టి తీసుకున్నది నేను. తెచ్చి టేబుల్ మీద పెడితే ఆయన అట్టపెట్టె అంచులు తడిమి, "వచ్చేసిందా" అన్నారు. విప్పమని మాత్రం అనలేదు.

అది రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు వాడిన ఒక బండికి నమూనా. చూడ్డానికి ట్యాంకులాగే ఉంటుంది గాని, ఎదుటివాళ్ళ ట్యాంకుల్ని పగలగొట్టడానికే దాన్ని చేశారు. పేరు యాగ్ట్‌పాంథర్, అంటే వేటాడే చిరుత అని ఆయనే చెప్పారు. ట్యాంకుకుండే తిరిగే తల దీనికి లేదు. ఫిరంగి గొట్టం ముందు రేకులోంచి నేరుగా బయటికి వస్తుంది. పక్కకు గురి పెట్టాలంటే బండి మొత్తం తిరగాలి.

ఆయన కృష్ణపట్నం దగ్గర కరెంటు ప్లాంటులో పనిచేసేవారు. మీటర్లు, వాల్వులు సరిచూసే పని. డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేసి, క్వార్టర్స్ వెనక గదిలో భూతద్దమున్న లైటు కింద కూర్చుంటే భోజనానికి రెండుసార్లు పిలవాల్సి వచ్చేది. ప్లాస్టిక్ ముక్కల్ని కత్తిరించి, అరగదీసి, అతికించి, రంగులు వేసి, ఏడాదికి రెండో మూడో బండ్లు చేసేవారు. మా కిటికీ గట్ల మీద ఎప్పుడూ ప్లాంటు బొగ్గుపొడి పడుతుండేది. నేను తుడవబోతే ఆపి, ఆ పొడిని వేలితో తీసి బండ్ల చక్రాలకు రుద్దేవారు. నిజం బండికి పట్టిన మసిలాగే కనిపించేది. హాల్లో అద్దాల బీరువా నిండా అవే. బంధువులు వచ్చినప్పుడు, మీకు పిల్లల్లేరు కదా, మరి ఈ బొమ్మలెవరికి అని అడిగేవాళ్ళు. ఆయన నవ్వేవారు.

షుగరు ఆయన కళ్ళను కొంచెం కొంచెంగా తినేసింది. మొదట సాలెగూడులాంటి నీడలు కనిపిస్తున్నాయన్నారు. తర్వాత మీటరు అంకెలు తప్పు చదవడం మొదలైంది. ప్లాంటు వాళ్ళు కొన్నాళ్ళు కుర్చీ పని ఇచ్చి, చివరికి మెడికల్ అన్‌ఫిట్ కింద ఇంటికి పంపారు.

పార్శిల్ వచ్చి చాలా రోజులు అలాగే పడి ఉంది. ఒక పొద్దున కాఫీ తాగుతూ ఆయనే అన్నారు.

"మే, ఆ పెట్టె తెరువు. నువ్వు కాగితం చూసి నంబరు చెప్పు. నేను అతికిస్తా."

"నాకేం తెలుసండీ?"

"బొమ్మలు చూసి ముక్క కత్తిరించి ఇయ్యి, చాలు. మిగతాది నా చేతులకు తెలుసు."

నిజంగానే ఆయన చేతులకు తెలుసు. నేను ముక్క చేతిలో పెడితే బొటనవేలితో దాని అంచంతా ఒకసారి రాసి, ఏది పైన, ఏది కింద అన్నది చెప్పేసేవారు. అడుగుభాగం నిలబడింది, చక్రాలెక్కాయి. చక్రాల మీద తొడిగే చైను పట్టీలు ఒక్కొక్క లంకె విడివిడిగా అతికించాలి. కళ్ళున్నవాళ్ళకే అది విసుగు పని. ఆయన మాత్రం వేళ్ళతో లెక్కపెట్టుకుంటూ, పాత కీర్తన ఏదో నోట్లో గొణుగుతూ ఒక వైపు పట్టీ పూర్తి చేశారు. ఆ వారమంతా ఇంట్లో కూర సరిగా లేకపోయినా ఏమీ అనలేదు. ఇలా కూడా బతకొచ్చేమోనని నాకు అనిపించింది.

మా అత్తగారికి అది గిట్టలేదు. ఆమె మాతోనే ఉంటుంది, ఆదివారం గుడి, అంటే చర్చి, ఒక్కటి కూడా తప్పదు. ఒకరోజు నేను స్టిక్కర్ల కాగితం బల్ల మీద పరిస్తే, వంగి చూసి నల్లగా ఉన్న గుర్తు మీద వేలు పెట్టింది.

"ఇది సిలువ కదా?"

"సిలువే మా," అన్నారు ఆయన. "బండి పక్కన అతికిస్తారు."

"మనుషుల్ని చంపే బండికి సిలువేందిరా? ఇట్టాంటివి ఇంట్లో పెట్టుకోని కూర్చుంటే కండ్లు యాడ నుంచి వస్తాయి?"

ఆయన చేతిలో ముక్క కింద పెట్టారు. "అవి తోలినోళ్ళు కూడా గుడికి పోయినోళ్ళే మా. వాళ్ళమ్మలు కూడా నీలాగే ప్రార్థన చేసుంటారు."

అత్తగారు లోపలికి పోయింది. వంటింట్లో ఆమె ఏడవడం నాకు వినిపించింది. ఆయనకూ వినిపించే ఉంటుంది.

రెండో వైపు పట్టీ చేస్తున్నప్పుడు తేడా వచ్చింది. లంకెలు వంకరగా పడుతున్నాయి. అతికించిన దాన్నే మళ్ళీ వెతుక్కుంటున్నారు. పక్కనే ఉన్న ముక్క మీద వేలు ఆనించి కూడా, "యాడ పెట్టినావు?" అని అడిగారు. ముందు పరధ్యానం అనుకున్నాను. ఆ మధ్యాహ్నం ఆయన లంకె అంచును చిన్న బ్లేడుతో చెక్కుతున్నారు. నేను కాగితంలోంచి తల ఎత్తేసరికి బూడిదరంగు ప్లాస్టిక్ మీద ఎరుపు కనిపించింది. ఆయన చెక్కుతూనే ఉన్నారు.

"జారిపోతా ఉందే. గమ్ము కారిందా?"

"గమ్ము కాదండీ. మీ వేలు తెగింది."

ఆయన ఆగారు. చెయ్యి ముఖం దగ్గరకు తెచ్చుకున్నారు, చూడలేరు గనక నాలుకతో తాకి చూసుకున్నారు. లోతుగానే తెగింది. నేను గుడ్డ చుట్టి గట్టిగా పట్టుకున్నాను.

"నొప్పి లేదా?"

"లేదు." రెండో చేతి వేళ్ళను నలిపి చూసుకున్నారు. "కొన్నాళ్ళ నుంచే మొద్దుబారినట్టు ఉంది. చలికి అనుకున్నా."

మా తీరంలో అంత చలి ఎక్కడిది? నెల్లూరు తీసుకెళ్తే డాక్టరు చిన్న సూదితో వేళ్ళ కొసలు గుచ్చి చూశాడు. షుగరు నరాలకు పాకిందన్నాడు. ఉన్నదాన్ని కాపాడుకోవడమే తప్ప పోయింది తిరిగి రాదన్నాడు. బస్సులో తిరిగి వస్తూ ముత్తుకూరు దాటాం. అక్కడ మా ఆయన, "ఆ పెట్టె మూసెయ్యి," అన్నారు.

ఆయనతో ప్లాంటులో పనిచేసిన కుర్ర ఇంజనీరు ఒకతను ఉన్నాడు. ఈ సరదా మా ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. చూడడానికి వచ్చి, "అన్నా, నేను పూర్తి చేసి తెస్తా, మీరు మొదలుపెట్టింది పాడు కానియ్యను," అని పట్టుకుపోయాడు. కొన్ని నెలలకు గాజుపెట్టెలో పెట్టి తెచ్చాడు. ఎంత బాగా చేశాడో చెప్పలేను. పచ్చ, గోధుమ రంగుల చారలు, తుప్పు మరకలు, పక్కన ఆ నల్ల సిలువ. అత్తగారు కూడా దగ్గరకొచ్చి చూసి పోయింది.

అతను పెట్టెలోంచి తీసి ఇస్తే మా ఆయన దాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నారు. మళ్ళీ మళ్ళీ వేళ్ళతో రాశారు. బుగ్గకు ఆనించుకున్నారు. మేమిద్దరం ఆయన ముఖంలోకే చూస్తున్నాం.

"చానా బాగుంది అబ్బయ్యా," అన్నారు చివరికి. "బరువు తెలస్తా ఉంది."

అతను సంతోషించాడు. వెళ్ళబోతుంటే ఆయన అతన్ని ఆపి, దాన్ని తీసుకుపొమ్మన్నారు. బీరువాలో ఉన్నవన్నీ కూడా తీసుకుపొమ్మన్నారు. అతను కాదన్నాడు, నా వైపు చూశాడు. నేనూ వద్దనే అన్నాను.

"ఇంట్లో ఉంటే రోజూ తడమాలనిపిస్తాది. తడిమితే ఏముందో తెలవదు. నీ దగ్గరుంటే కనీసం ఉండాయని తెలస్తాది," అన్నారు ఆయన.

కారు డిక్కీలో, సీట్ల మీద పాతచీరల్లో చుట్టి సర్దాం. వెళ్ళేముందు అతను ఆయన కాళ్ళకు దండం పెట్టాడు. తాకిన సంగతి ఆయనకు తెలియలేదు, తలుపు వైపు చేయి ఊపారు.

క్వార్టర్స్ ఖాళీ చేసి బోగోలు దగ్గర సముద్రపు ఒడ్డున చిన్న అద్దె ఇంటికి వచ్చాం. ఇంజనీరు మొదట్లో ఫోన్ చేసేవాడు. గుజరాత్‌కు బదిలీ అయ్యాక తగ్గింది. బండ్లు ఎక్కడున్నాయో మేం అడగలేదు. ఇప్పుడు ఆయనకు మూత్రపిండాల పరీక్షలు జరుగుతున్నాయి. అత్తగారు ప్రార్థన చేస్తూనే ఉంది, అయితే కళ్ళ కోసం అడగడం మానేసింది.

సాయంత్రాలు ఆయన్ను సముద్రం దాకా నడిపిస్తాను. ఇప్పుడు పాదాలకూ స్పర్శ లేదు, కాలినా తెగినా తెలియదు గనక చెప్పులు వదలొద్దని డాక్టరు చెప్పాడు. అయినా ఇసుక మొదలవగానే ఆయన వదిలేస్తారు. నేను వంగి, ముందు నా చేత్తో ఇసుకను తాకి చూస్తాను.

"కాలతా ఉందా?" అని అడుగుతారు.

"లేదండీ, చల్లారింది," అంటాను. నా భుజం పట్టుకుని ఆయన అడుగు వేస్తారు.