కోడి మెడలో దొరికిన విత్తనం

మొన్న వ్యవసాయ ఆఫీసు నుంచి ఒక అమ్మాయి పెద్దవంగర పక్కనున్న మా చెలకకు వచ్చింది. వానలు మొహం చాటేసి చుట్టూ చేలన్నీ ఎండాయి. మా పచ్చజొన్న ఆకు మాత్రం ఇంకా పచ్చగానే ఉంది. ఒక కర్ర పీకి వేరు చూసి, ఆకు నిమిరి, "అవ్వా, ఎండకు ఓర్చుకునుడు దీని పుట్టుకలనే ఉన్నది. తల్లి ముక్కు బిడ్డకు వచ్చినట్టు, కంకి నుంచి గింజకు వస్తది. ఎవ్వలు ఏరి పెట్టిన్రు గీ విత్తనం?" అని అడిగింది. ఏరింది మా అత్త. ఆ వంశాన్ని తుడిచిపెట్టబోయింది నేను.

దొరల మీద సంఘం కొట్లాడుతున్న రోజులవి. నేను కొత్త కోడలిని. మా అత్త విత్తనం కోసం బావి కింది చేను వైపు కన్నెత్తి చూసేది కాదు. వాన తప్పిన ఏడు మొరం గడ్డ మీదికి పోయి, చివరిదాకా ఆకు వాడని కర్రలు వెతికి, వాటి బక్క కంకులే తెంచేది. పొయ్యి పైన దూలానికి పొగ తగిలేట్టు కట్టేది. బలిసిన కంకులు ఉండగా ఈ ఎండు బొమికల మీద ఈమెకు మోజేమిటని నేను చాటున నవ్వుకునేదాన్ని. ఒకసారి నా నవ్వు అత్త చెవిన పడింది. "నీళ్లు తాగి బలిసిందాన్ని ఎవ్వలన్న మెచ్చుతరు పిల్లా. నీళ్లు లేక నిలిచిందాన్ని చూడాలె," అన్నది. నా బుర్రకు ఎక్కలేదు.

ఒక ఎండాకాలం దొర మనుషులు వచ్చి మా గరిసెలోని గింజలన్నీ ఊడ్చుకుపోయారు. రెండు రోజులకు, పట్టపగలే, పెరటి దారిన, సంఘంలో కలిసి అడవి పట్టిన నా పెనిమిటి మరో నలుగురిని వెంటబెట్టుకొని అడవిలోంచి వచ్చాడు. మూడు పూటలుగా వాళ్లకు తిండి లేదు. అత్త పుట్టింటికి పోయి ఉంది. ఇంట్లో గింజ లేదు. దూలం వైపు చూశాను. ఎట్లాగూ పనికిరాని కంకులే కదా అనుకొని దించి, దంచి, విసిరి గటక వండి పెట్టాను. ఆయన కుండ గోకి తిని, "నీ చెయ్యి మంచిగున్నది," అని పోయాడు. నేను మురిసిపోయాను.

సాయంత్రం అత్త వచ్చి దూలం చూసింది. తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. "అన్ని దంచినవా?" అని మాత్రం అడిగింది. అన్నీ అన్నాను. రోటి చుట్టూ వెతికింది. అక్కడ చిందినవి మా గుడ్ల కోడి అప్పటికే ఏరుకు తిన్నది. చుట్టాలొచ్చినా కోయనీయని కోడి అది. ఏం చెప్పను, కత్తిపీట తెచ్చి కోడిని కోసి, మెడ కింద గింజలు నిలిచే సంచి చీల్చి, వేలు పెట్టి ఒక్కొక్క గింజా తీసి, కడిగి, కొంగు మీద ఆరబోసింది. చారెడు కూడా లేవు. ఆ రాత్రి వండిన కోడికూర ఇద్దరం ముట్టలేదు.

తొలకరికి ముందే ఆయనను కాల్చి చంపారని కబురు వచ్చింది. దినాలు అయిపోయాక అత్త ఆ గింజలు తీసి నా చేతిలో పోసింది. "నీ చేతితోనే ఏయి. నా కొడుకు ఆకలితోని పోలే," అన్నది. నా తప్పు గురించి ఆమె మాట్లాడింది అంతే.

మాకు పిల్లలు కలగలేదు. ఆయన ఫోటో ఒక్కటీ లేదు. ఆ అమ్మాయి ముక్కు మాట ఎత్తినప్పటి నుంచి ఆయన ముక్కు ఎట్లా ఉండేదో గుర్తు చేసుకుంటున్నాను; రావడం లేదు. ఇన్ని వానకాలాలు ఆయన ముఖాన్ని కడుక్కుపోయాయి, ఆ బక్క కంకి పోలిక మాత్రం మొరం గడ్డ మీద ఏటేటా మొలుస్తూనే ఉంది.