విమానాల ముందు పసుపు జీపు

ఎలుక ముందు నడుస్తుంటే వెనక ఏనుగు బుద్ధిగా రావడం ఎప్పుడైనా చూశారా? చూసి ఉండరు. పైగా అబద్ధం అంటారు. రాయుడి అక్క కూడా అదే అంది, ఫోన్ చేసిన ప్రతిసారీ.

రాయుడిది పెద్ద విమానాశ్రయంలో పసుపు జీపు నడిపే ఉద్యోగం. జీపు నెత్తిన వెలిగే పలక ఒకటి ఉంటుంది, దాని మీద 'నా వెనక రండి' అని రాసి ఉంటుంది. దిగిన విమానానికి దారి తెలియకపోతే దాని ముందు నడిచి, నిలబడాల్సిన చోటికి చేర్చడం అతని పని. అతనికి వేరే పేరుంది గానీ అది జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వాడుకలో లేదు. చిన్నప్పటినుంచి కోతలు కోయడంలో చెయ్యి తిరిగినవాడు కాబట్టి ఇంట్లో కోతలరాయుడన్నారు. పనిలో చేరాక పేరులోంచి కోతలు రాలిపోయి రాయుడు మిగిలాడు, నోట్లోంచి మాత్రం రాలలేదు. తొమ్మిదో తరగతిలో బడికీ అతనికీ పడలేదు. తాను బడి మానలేదని, బడే తనను తట్టుకోలేక పక్కకు తప్పుకుందని ఇప్పటికీ గుండెల మీద చెయ్యేసుకుని చెబుతాడు.

తల్లి పోయాక అతన్ని పెంచింది అక్క. ఒక చేత్తో కుట్టుమిషను తిప్పుతూ రెండో చేత్తో వాడి చెవి మెలిపెట్టిన మనిషి. ఇప్పుడామె ఊరూరా తిరిగే సర్కస్‌లో బట్టలు కుడుతుంది. జోకరు లాగు దగ్గర్నుంచి గుర్రం మీది తళుకుల దుప్పటి దాకా ఆమె సూది కింద నుంచి రావలసిందే. సర్కస్ ఎక్కడుంటే ఆమె అక్కడ. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని ఏళ్ళు గడిచాయి. ఇన్నాళ్ళకు సర్కస్ దూరదేశం బయలుదేరింది, విమానం మారేది తమ్ముడుండే చోటే.

"రెండు గంటలు దొరుకుతాయిరా. నీ మొహం చూసి, ఒక టీ తాగి వెళ్ళిపోతా. ఇది తప్పితే మళ్ళీ ఎప్పుడో మా సర్కస్ ఓనరుకే తెలీదు" అంది ఫోన్‌లో.

"టీ ఏంటక్కా, నీ విమానానికి నేనే ఎదురొచ్చి తీసుకొస్తా."

"తీసుకొద్దువులే. దార్లో ఇంకో రెండు కనిపిస్తే సంచిలో వేసుకో."

ఆ రోజు తెల్లవారింది గానీ వెలుతురు మాత్రం మనుషుల దాకా రాలేదు. అంత పొగమంచు. తన చెయ్యి తనకు కనిపించక, పక్కవాడి చెయ్యి పట్టుకుని అది తనదే అనుకుని గోక్కున్నవాళ్ళున్నారని రాయుడు చెబుతాడు. అంత కాకపోయినా, జీపులో కూర్చుంటే బానెట్టు చివర కనిపించని మాట నిజం.

జీపుల ఇన్‌చార్జిని అందరూ బాబాయ్ అంటారు. రాయుడు ఆయన గదిలోకి వెళ్ళి తల గోక్కున్నాడు.

"బాబాయ్, పొద్దున ఒక గంట సెలవు కావాలని చెప్పాను కదా, మా అక్క వస్తోందని."

"నాకు చెప్పావు. మంచుకి చెప్పావా?"

"వేరే ఎవర్నైనా..."

"ఒరేయ్, ఎండ రోజు నువ్వు నెల్లాళ్ళు పడుకున్నా ఎవడికీ తెలీదు. పైలట్లు వాళ్ళ కళ్ళతో వాళ్ళే దారి చూసుకుంటారు. ఇవాళ ఉన్న జీపులన్నీ తిరిగినా చాలవు. దిగిన విమానం ఎటు తిరగాలో తెలీక రన్‌వే పక్కనే నిలబడిందనుకో, పైనున్నది దిగడానికి లేదు. పైన తిరిగేవాటిల్లో మీ అక్క కూడా ఉంది. టవర్లో కనుక్కున్నా."

రాయుడు తాళంచెవి తీసుకున్నాడు.

బయటికొచ్చి తలెత్తితే ఏమీ కనిపించలేదు. మోత మాత్రం వినిపించింది. ఆ మోత వింటే ఎంత కోతలు కోసేవాడికైనా నోరు మూతబడుతుంది. నెత్తిమీద కంటికి కనిపించని మేడ ఒకటుంది. దాని ఒక్కో అంతస్తులో ఒక్కో విమానం గుండ్రంగా తిరుగుతోంది. అట్టడుగుది దిగితే దాని పైది ఒక అంతస్తు కిందికొస్తుంది, ఆ పైది దాని చోటికి. వందలమంది జనం, వాళ్ళ పెట్టెలు, నిద్రపోయే పిల్లలు, అందరూ గాలిలో వరస కట్టి ఎవరి వంతు కోసం వాళ్ళు చూస్తున్నారు. ఆ మేడలో ఎన్నో అంతస్తులోనో అక్క ఉంది. గోడలు లేవు, మెట్లు లేవు, అంత మేడనీ పట్టుకుని నిలబెట్టింది టవర్లో కూర్చున్న కొందరి మాట.

రేడియో పలికింది. టవర్లోంచి మాట్లాడే ఆవిడను జీపువాళ్ళు పైనమ్మ అంటారు.

"పసుపు జీపూ, ఒకటి దిగింది. చివరి మలుపులో అందుకో. బాబాయ్ చెప్పాడు, మీ అక్కయ్య ఎక్కిన విమానం ఇదే. మెల్లగా తీసుకురా."

రాయుడు మలుపు దగ్గర జీపు ఆపాడు. ముందు నేల వణికింది. తరవాత సీటు, సీటులోని రాయుడు. తెల్లటి గోడలో రెండు చందమామలు మొలిచాయి, వాటి పైన మేడంత ముక్కు తేలుతూ వచ్చి, జీపును చూసి ఆగింది. ఇన్ని వందల టన్నుల ధీమా, ఆకాశాన్ని చీల్చుకుని వచ్చిన ఆ వేగం, ఇప్పుడు ఒక పాత జీపు వెనక దీపం వంక చూస్తూ నిలబడింది. రాయుడు పలక వెలిగించి కదిలాడు. అదీ కదిలింది. ఏ గుంటా లేని నున్నటి దారిలో అతను గుడ్లబుట్ట మోసేవాడిలా నడిపాడు.

విమానాన్ని దాని చోట నిలబెట్టి కిందికి దిగబోతుంటే మళ్ళీ పైనమ్మ. "ఇంకోటి దిగింది, రా." దాని తరవాత ఇంకోటి. అక్క అద్దాల అవతల, తమ్ముడు ఇవతల. రెండు గంటలూ మంచులో కలిసిపోయాయి.

జీపుకు డీజిల్ పోస్తుంటే పక్క గదిలోకి పరిగెత్తి ఫోన్ చేశాడు.

"ఎక్కడరా నువ్వు? ఎదురొస్తానన్నావు!"

"వచ్చానక్కా! నీ ముందే ఉన్నా."

"విమానంలో నా ముందు సీటు వీపు తప్ప ఏం కనిపించలేదు. పోనీలే, నేనెక్కాల్సిన విమానమే రాలేదంట. బయల్దేరిన ఊళ్ళోనే ఆపేశారంట."

"ఇక్కడ దిగే జాగా లేదక్కా, అందుకని అక్కడే కూర్చోబెట్టారు. అక్కడ ఎండ కాస్తోంది. ఎండలో కూర్చుని మన మంచుని తిడుతున్నారు."

"నాలుగు మంచుబొట్లకి ఇంత గోలేంట్రా? తెల్లారుజామున మేమెక్కిన చిన్న ఊళ్ళోనూ మంచుంది. గంట ఆపారు, పంపేశారు."

"ఆ ఊళ్ళో కుళాయి దగ్గర నాలుగు బిందెలక్కా. గంటసేపు ధార సన్నబడినా తరవాత పట్టుకుంటారు. మాది బిందె తీసేలోపు బిందె పెట్టే కుళాయి. ఎండ రోజుల్లోనే సందుండదు. మంచులో ముందుది పూర్తిగా పక్కకి తప్పుకుంటే గానీ తరవాతదాన్ని దించరు, కళ్ళతో చూసే వీల్లేదు కదా. అంటే ధార సగం. బిందెలు మాత్రం అన్నీ వచ్చేశాయి. పైగా నీ బిందెలో నీళ్ళు, అంటే నీలా విమానం మారేవాళ్ళు, ఇంకో పది బిందెల్లో పొయ్యాలి. నువ్వు ఆలస్యమైతే ఆ పదీ ఆలస్యం, వాటి వెనక వంద."

"ఇంకో కుళాయి పెట్టించొచ్చుగా?"

"చుట్టూ ఊరు కట్టేశాక జాగా ఎక్కడిదక్కా?"

"ఇంత సంగతి తెలిసినవాడివి బడికెందుకు పోలేదురా?"

"అక్కా, డీజిల్ నిండింది" అని ఫోన్ పెట్టేశాడు.

మధ్యాహ్నానికి మంచు పల్చబడింది. నాలుగు ఇంజన్ల విమానాన్ని వెంటబెట్టుకుని భవనం ముందునుంచి వస్తుంటే పై అంతస్తు అద్దంలో ఏదో తళుక్కుమంది. ఎవరో తళుకుల దుప్పటి విప్పి, రెండు చేతులతో పైకెత్తి ఊపుతున్నారు. ఊపే చేతులు అతనికి తెలుసు. హారన్ కొట్టకూడదు, ఆగకూడదు. పలక వెలిగించి ఉంది కదా, అదే నవ్వనుకోమని ముందుకు పోయాడు. వెనక కొండ, ముందు తను. జీవితంలో చెప్పిన కోతలన్నీ కలిపినా ఇంత ఎత్తు లేవు.

కాసేపటికి పైనమ్మ పిలిచింది. "పసుపు జీపూ, ఆఖరుది. సర్కస్‌వాళ్ళు ఎక్కాల్సింది."

రాయుడు జీపు తిప్పాడు. అక్కను తీసుకుపోయే విమానాన్ని తనే నడిపించుకు రావాలి. తను ఎంత త్వరగా తెస్తే అక్క అంత త్వరగా వెళ్ళిపోతుంది. మెల్లగా తీసుకొస్తే? ఆ ఆలోచన వచ్చిన మాట నిజం. దాని వెనక కూడా ఇంకో పది బిందెలున్నాయి. అతను ఎప్పుడూ నడిపే వేగంతోనే నడిపి, గీత మీద తెచ్చి నిలబెట్టాడు.

జీపు దిగేసరికి బాబాయ్ అక్కడున్నాడు. భవనంలోంచి జనం విమానంలోకి నడిచివెళ్ళే గొట్టానికి పక్కనుంచి ఇనపమెట్లుంటాయి. గడ్డంతో అటు చూపించాడు. "ఎక్కు. వాళ్ళు లోపలికెళ్ళేదాకా. ఆ తరవాత నేనేం చూడలేదు."

రాయుడు మెట్లన్నీ ఒక్క గెంతులో ఎక్కానంటాడు. తలుపు తీసేసరికి వరసలో జోకర్లు, గారడీవాళ్ళు, వాళ్ళ మధ్య చంకలో మూటతో అక్క. జుట్టు తెల్లబడింది. అతన్ని చూడగానే పక్కనున్న పొట్టిజోకరు భుజం మీద చరిచింది.

"వీడే! మధ్యాహ్నంనించి చూస్తున్నావుగా? కొండలకి ముకుతాడేసి లాగాడు. ఒకటా రెండా! ఇంకో గంట మంచుంటే ఈ బిల్డింగుని కూడా లాక్కెళ్ళిపోయేవాడు!"

"అబ్బే, లాగలేదండీ. ముందు నడిచానంతే" అన్నాడు రాయుడు.

ఆ మాట అతని నోట్లోంచే వచ్చిందా అని అక్క అతని చెంపలు రెండూ చేతుల్లోకి తీసుకుని చూసింది. వేళ్ళకు సూదిపోట్ల గరుకు. "పైన తిరుగుతుంటే కింద భూమి ఉందో లేదో అనిపించిందిరా. కిటికీలోంచి చూస్తే తెలుపే. దిగాక దూరంగా చిన్న పసుపు దీపం. ఎవరో ఉన్నారులే అనుకున్నా." చెంప వదిలి చెవి పట్టుకుంది. "అది నువ్వేనంట్రా?"

వరస కదిలింది. మూట సర్దుకుంటూ, వెనక్కి చూసుకుంటూ ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

ఆ విమానం కదిలేసరికి ఎండొచ్చింది. దానికి దారి చూపేవాళ్ళు అక్కర్లేదు. తన దారి తనే చూసుకుంటూ రన్‌వే వైపు తిరిగింది. రాయుడు పలక ఆర్పేసి, పక్కనున్న బళ్ళ దారిలో దాని తోక వెంటే జీపు పోనిచ్చాడు.

"ఒరేయ్, నిన్నెవడు అటు పొమ్మన్నాడు?" రేడియోలో బాబాయ్ అరిచాడు.

రాయుడు బళ్ళ దారి అయిపోయిన చోట ఆగి, అది నేల వదిలేదాకా చూస్తూ కూర్చున్నాడు.