మిగిలిన రొట్టె ముక్క

ఆదోనిలో మా క్రైస్తవుల గుడిలో, ఏసు కడరాత్రి భోజనం గుర్తుగా పెట్టే ప్రభువు బల్లకు రొట్టె కోసే పని మా అమ్మ నుంచి నాకొచ్చింది. నెలకో ఆదివారం ఆ బల్ల. రాదలచినవాళ్లు శనివారం సాయంత్రానికల్లా మా పాస్టరు అయ్యగారికి పేర్లివ్వాలి. ఆ చీటీ చూసి మనిషికొక ముక్క కోస్తాను. మిగిలితే పారేయకూడదు, అయ్యగారే తినాలి. మా సంఘం పద్ధతి అది.

డెబ్బైల చివర్లో మా చెల్లెలు ఎమ్మిగనూరులో మగ్గం నేసే హిందువుల అబ్బాయిని చేసుకుంది. బొట్టు పెట్టుకుంది, తాళి కట్టించుకుంది. అయ్యగారు ఆదివారం అందరి ముందూ ఆమె పేరు చదివి వెలి అన్నారు. ఆమె గడప ఎవరూ తొక్కకూడదన్నారు. నాకసలే నోరాగదు. ఆ మధ్యాహ్నమే ఆయనింటికి పోయి కడిగిపారేశాను.

"ఇది తప్పు అయ్యగారూ. ముమ్మాటికీ తప్పు."

"కమిటీ తీర్మానమమ్మా. ఆ పిల్ల తిరిగొస్తే తలుపు తీసే ఉంటుంది."

"తిరిగి రావడమంటే మొగుణ్ని ఇడిసిపెట్టి రావడమా?"

ఆయన బైబిలు చేతిలోకి తీసుకుని లోపలికి పోయారు.

ఆ నెలలోనే, ఆయన్ని ఇంకా ఉంచుకోవాలా వద్దా అని సంఘం కూడింది. మా దగ్గర ఓట్ల చీటీలుండవు. కావాలనేవాళ్లు లేచి నిలబడతారు. ఆయనంటే గిట్టని పెద్ద ఒకాయన ముందురోజే నా దగ్గరికొచ్చాడు.

"నువ్వు కూసో, సాలమ్మా. నిన్ను సూసి పది ఇండ్లు కూసుంటాయి. ఆయప్ప మూటాముల్లె సర్దుకుంటాడు."

నేను లేచి నిలబడ్డాను. మా అమ్మ పోయే ముందు ఆసుపత్రిలో నేలమీద కూర్చుని రోజూ ప్రార్థన చేసింది ఆయనే. తీర్మానం తప్పు, కానీ ఆయన మా కాపరి అన్నది తప్పు కాదు. అలా అనుకున్నాను. సంతోషమూ లేదు, ఏడుపూ లేదు.

ఆయన ఉండిపోయారు. నేను చెల్లెలి గడప తొక్కలేదు.

తర్వాతి బల్లకు ఒక ముక్క మిగిలింది. చీటీ సరిగ్గానే చూశాను, చెయ్యే అలవాటుగా చెల్లెలికి కూడా కోసేసింది.

"ఎక్కువైనట్టుందమ్మా," అన్నారు అయ్యగారు.

"మా చెల్లెలిది అయ్యగారూ. మర్చిపోయి కోసినాను."

ఆయన తలవంచుకుని తిన్నారు. మరుసటి నెల తెలిసే కోశాను. ఏళ్ల తరబడి కోశాను. ప్రతి నెలా ఆయనే తిన్నారు. క్రిస్మస్ వచ్చినప్పుడల్లా చెల్లెల్ని మళ్లీ చేర్చుకోమని అడిగేదాన్ని, "కమిటీ ఒప్పుకోలేదమ్మా" అనేవారు. ఎమ్మిగనూరు బస్సు మా ఇంటి ముందు నుంచే పోయేది. చూసేదాన్ని, ఎక్కేదాన్ని కాదు.

ఒక ఎండాకాలం చెల్లెలు కాన్పులో పోయింది. కబురు తెలిసి అప్పుడు బస్సెక్కాను. నేను పోయేసరికి అంతా అయిపోయి వాకిలి కడుగుతున్నారు.

"నువ్వొస్తావని శానా సూసింది వదినా," అన్నాడు మరిది.

అక్కడ నాకు ఏడుపు రాలేదు. తిరుగు బస్సులోనూ ఏడుపు రాలేదు. ఆదోనిలో ఎవరికీ చెప్పలేదు.

ఆ ఆదివారమే నెల బల్ల. చీటీలో ఎన్ని పేర్లుంటే అన్నే ముక్కలు కోశాను. ఆరాధన అయ్యాక అయ్యగారు వెనక గదిలోకి పళ్లెం తెచ్చారు. ఖాళీగా ఉంది. దాన్ని చూశారు, నన్ను చూశారు.

"ఎప్పుడమ్మా?"

"మంగళవారం."

"అయ్యో! ఒక్క మాట చెప్పుంటే నేనూ వచ్చేవాణ్ని కదమ్మా."

"ఆ గడప తొక్కొద్దన్నది మీరే కదా అయ్యగారూ."

ఆయన గోడకు ఆనుకున్నారు. నేను ఆయన చేతిలోంచి పళ్లెం తీసుకుని కడిగాను, తుడిచి బీరువాలో పెట్టాను. పైనెల బల్లకు కావాలి కదా.